ప్రామాణిక తెగులు

రాష్ట్ర వ్యవసాయ సూక్ష్మజీవ పరిశోధన సంస్థలో ప్రమాణాలు రాకముందు పని జరిగేది. ఈ సంగతి ఇప్పుడు అక్కడ ఎవరూ పైకి చెప్పుకోరు.

మదనపల్లె దాటి కొంతదూరం వెళితే ఒక గుట్ట వస్తుంది. చుట్టూ టమాటా చేలు, గుట్ట మీద సంస్థ. అందులో డాక్టర్ హైమవతి అనే శాస్త్రవేత్త ఎండు తెగులు మీద పనిచేసేది. మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా వేళ్ళలో దూరి, నీళ్ళు పైకెక్కే దారి మూసేస్తుంది. పొద్దున పచ్చగా ఉన్న మొక్క సాయంత్రానికి తల వాల్చేస్తుంది. ఆ చుట్టుపక్కల ఈ తెగులు చూడని రైతు లేడు. దానికి మందూ లేదు.

హైమవతి ఆ బ్యాక్టీరియాను చంపాలనుకోలేదు. అందులో జబ్బు పుట్టించే జన్యువును ఒక్కదాన్నే కత్తిరించి, దాన్ని సాధువుగా మార్చి, తిరిగి అదే మట్టిలోకి వదలాలనుకుంది. బస్సులో ముందుగా రుమాలు వేసినవాడిదే సీటు. సాధువు ముందే వెళ్ళి వేళ్ళ దగ్గర చోటు పట్టేస్తే, వెనకాల వచ్చిన దుర్మార్గుడికి జాగా దొరకదు.

జన్యువును కత్తిరించడానికి ఆమె కొన్ని డీఎన్ఏ ముక్కలు తయారుచేసింది. ఒకటి కత్తెర. ఒకటి ఆ కత్తెరను పని మొదలుపెట్టమనే స్విచ్చు. ఇంకొకటి, కత్తెర ఏ జన్యువు దగ్గరికి వెళ్ళాలో చెప్పే చిరునామా. గ్యాసు రెగ్యులేటరు ఏ ఇంటి సిలిండరుకైనా పట్టినట్టు, ఈ ముక్కలు ఒకదానికొకటి ఇట్టే అతుక్కునేలా అన్నిటి కొసలూ ఒకే తీరుగా చేసింది. రేపు మిరపకో వరికో వచ్చే ఇంకో బ్యాక్టీరియా మీద పనిచేయాలంటే చిరునామా ముక్క మారిస్తే సరిపోతుంది. మిగతావన్నీ అవే.

ఆమె పరీక్ష కోసం మట్టి ఇచ్చింది గుట్ట కింద ఊళ్ళో ఉండే రెడ్డెమ్మ. మొగుడు పోయాక సేద్యం తనే చేసుకుంటోంది. ఒక రోజు సంచినిండా మట్టి నెత్తిన పెట్టుకొని గుట్ట ఎక్కింది.

"పోయినేడు చెట్లన్నీ కాయ పట్టే టయానికి పడిపోయినాయి మేడమ్. ఈ మన్నులో ఏముండాదో చూడండి" అంది.

ఆ మట్టిలోంచే హైమవతి బ్యాక్టీరియాను పట్టింది, కత్తిరించింది, సాధువును చేసింది. అదే మట్టిని కుండీలకెత్తి గ్రీన్‌హౌస్‌లో టమాటా నాటించింది. సాధువును పోసిన కుండీల్లో మొక్కలు నిలబడ్డాయి. పోయని కుండీల్లో పడిపోయాయి. దీన్ని పొలంలో వదలవచ్చో లేదో తేల్చే జీవభద్రతా సంఘం వచ్చి చూసి, రైతుల పొలాల్లో వాడుకోవచ్చని అనుమతి కూడా ఇచ్చింది. ఇక డైరెక్టరు సంతకం పెట్టడమే తరువాయి.

డైరెక్టరు పేరు డాక్టర్ సర్వోత్తమరావు. ఆయన చాలా శ్రద్ధగా వినే మనిషి. అదే చిక్కు. సమీక్షా సమావేశంలో హైమవతి చెప్పినదంతా విని, అందులోంచి ఒక్క మాట పట్టుకున్నారు.

"ఏమన్నారూ? కొసలన్నీ ఒకే ప్రమాణంలో ఉన్నాయనా?"

"అవును సార్. అందువల్ల ముక్కలు మార్చుకోవడం సులువవుతుంది. కానీ అసలు సంగతి, మొక్కలు బతికాయి..."

"ప్రమాణం!" అన్నారు సర్వోత్తమరావు కళ్ళు మూసుకొని. "హైమవతి గారూ, మొక్కలు ఎక్కడైనా బతుకుతాయి. ప్రమాణం అన్నది మాత్రం మన సంస్థలోనే పుట్టింది. దీన్ని సంస్థాగతం చేయాలి."

వారం తిరక్కుండానే సంస్థలో జన్యుభాగాల ప్రమాణీకరణ మండలి ఏర్పడింది. మండలి ఆమోదించని ముక్కను ఏ బ్యాక్టీరియాలోనూ పెట్టరాదని ఉత్తర్వు వచ్చింది. అప్పటికే తయారైన సాధువు కాగితాల మీద సంతకం కూడా అంతటితో ఆగింది. మండలికి అధ్యక్షుడిగా పరంధామయ్య గారిని పిలిపించారు. ఆయన ఉద్యోగజీవితం అంతా సిమెంటు పైపులకు ప్రమాణాలు రాయడంలో గడిచింది. జన్యువుల సంగతి తనకు బొత్తిగా తెలియదని మొదటి రోజే ఒప్పుకున్నారు. పక్షపాతం లేకుండా తీర్పు చెప్పడానికి అదే అర్హత అని సర్వోత్తమరావు చప్పట్లు కొట్టారు.

మండలి మొదటి సమావేశంలో పరంధామయ్య ముక్కల పట్టిక చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమ్మా, ఇదేం ప్రమాణం? ఈ కత్తెర ముక్క ఇంత పొడుగు, ఈ స్విచ్చు ఇంత పొట్టి. ఒకే పథకం కింద సరఫరా అయ్యే భాగాలు ఒకే పొడుగు ఉండొద్దూ?"

"వాటి పనులు వేరండీ. కత్తెర పెద్ద జన్యువు. స్విచ్చు చిన్నది" అంది హైమవతి.

"పైపులకీ పనులు వేరే. తాగునీటి పైపు వేరు, మురుగునీటి పైపు వేరు. అయినా పొడుగు ఒకటే. లేకపోతే లారీలో ఎట్లా సర్దుతారు?"

"వీటిని లారీలో సర్దమండీ. ఇవి కంటికి కనబడవు."

"కనబడనివాటికి మరీ జాగ్రత్త అవసరం" అన్నారు సర్వోత్తమరావు.

తీర్మానం జరిగింది. భాగాలన్నీ మధ్యరకం పొడుగులో ఉండాలి. పొట్టివాటిని సాగదీయాలి, పొడుగువాటిని కుదించాలి.

"సార్, కత్తెరను సగానికి కోస్తే అది తెగ్గొట్టదు" అంది హైమవతి.

సర్వోత్తమరావు ఓపికగా నచ్చజెప్పారు. "చూడండమ్మా. కత్తెర తెగ్గొట్టకపోవడం పనితీరుకు సంబంధించిన అంశం. కత్తెర పొడుగు ప్రమాణానికి సంబంధించిన అంశం. మండలి పరిధి రెండోది. మొదటిదానికి కావాలంటే వేరే మండలి వేద్దాం."

హైమవతి ల్యాబులో కరీముల్లా అని ఒక పరిశోధక సహాయకుడు ఉన్నాడు. పెళ్ళి కుదిరిన కుర్రాడు, ఎవరితోనూ గొడవ పడదలచుకోలేదు. కత్తెరను కుదించే పని, స్విచ్చును సాగదీసే పని అతడి మీద పడ్డాయి.

"మేడమ్, సాగదీయమంటే మధ్యలో ఏదో ఒకటి నింపాలి కదా. ఏం నింపమంటారు?" అని అడిగాడు.

ఆ ప్రశ్న పైకి వెళ్ళింది. డీఎన్ఏలో ఉండేవి నాలుగే అక్షరాలు కాబట్టి, ఆ నాలుగింటితో ఒక సంకేతలిపి తయారుచేయించి, ఖాళీలో సంస్థ పేరూ ఆశయమూ డైరెక్టరు పూర్తి పేరూ డిగ్రీలతో సహా రాయాలని పైనుంచి జవాబు వచ్చింది. ఇంకా కొంచెం ఖాళీ మిగిలితే పరంధామయ్య గారి పేరు కూడా చేర్చారు. ఆ విధంగా ఆ ఇద్దరూ బ్యాక్టీరియాలో శాశ్వతంగా నిలిచిపోవలసిందే గాని, అది వాళ్ళను భరించలేక ఆ ముక్కను రెండు మూడు తరాల్లోనే బయటికి తోసేసింది.

ప్రామాణిక భాగాలు తయారయ్యాయి. అన్నీ ఒకే పొడుగు, ఒకే రకం సీసాలు, ఒకే రంగు మూతలు. అతికించి చూస్తే ఏదీ పనిచేయలేదు. సగం కత్తెర దేన్నీ కత్తిరించలేదు. స్విచ్చు తన పేరు మరిచిపోయి డైరెక్టరు గారి పేరు చదువుకుంటూ కూర్చుంది. భాగాలన్నీ నూటికి నూరుపాళ్ళు సమానంగా ఉన్నాయని మండలి సంతృప్తి వెలిబుచ్చింది.

నాట్లు మొదలయ్యాయి. రెడ్డెమ్మ గుట్ట ఎక్కి వచ్చింది.

"మేడమ్, నారు ముదిరిపోతా ఉండాది. ఆ మంచి పురుగును ఎప్పుడిస్తారు మాకు?"

"సార్ సంతకం కావాల రెడ్డెమ్మా. ఇప్పుడు కొత్త ప్రమాణాలు వచ్చినాయి."

"ఒక సంతకానికి ఇంతసేపా? ఇంకెన్నాళ్ళని కాచుకోవాల?"

రెడ్డెమ్మ ఎదురుచూసి ఎదురుచూసి నాటేసుకుంది. పూత వచ్చే సమయానికి కబురు చేస్తే హైమవతి చేనికి వెళ్ళింది. సాళ్ళకు సాళ్ళు వాలిపోయి ఉన్నాయి. రెడ్డెమ్మ ఒక మొక్కను వేళ్ళతో సహా పీకి చూపించింది.

"నిన్న నీళ్ళు కట్టినాను మేడమ్. నీళ్ళు చాల్లేదేమోనని ఈ పొద్దు మళ్ళా కట్టినాను. మీ గ్రీన్‌హౌస్‌లో ఇదే మన్నులో చెట్లు ఎట్లా నిలబడినాయో నేను కండ్లారా చూసినాను. అది మీ కాడ ఉండాదని తెలిసీ ఇట్లా పీకి పారేసేది నాకు చానా కష్టంగా ఉండాది."

హైమవతి ఆ మొక్కను చేతిలోకి తీసుకుంది. కాండం కోసి నీళ్ళలో పెడితే పాలలాంటి చార దిగుతుందని ఆమెకు తెలుసు. ఆ చారలో ఉన్నదాన్ని ఎలా ఆపాలో కూడా తెలుసు. రెడ్డెమ్మను వెంటబెట్టుకొని తిన్నగా డైరెక్టరు గదికి వెళ్ళింది.

సర్వోత్తమరావు రెడ్డెమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, ఎంతో మర్యాదగా మాట్లాడారు.

"రెడ్డెమ్మ గారూ, మీ చేలో ఉన్నది తెగులే. మేము కాదనడం లేదు. కానీ మా ప్రామాణిక భాగాలు దాని మీద పనిచేయడం లేదు. మండలి పరిశీలించింది. భాగాల్లో లోపం లేదు. కాబట్టి లోపం బ్యాక్టీరియాలో ఉంది. అది ప్రామాణిక బ్యాక్టీరియా కాదు."

"చెట్లు చచ్చిపోతా ఉండాయి సార్."

"చచ్చిపోవడం వేరు, ప్రమాణం ప్రకారం చచ్చిపోవడం వేరు."

రెడ్డెమ్మ హైమవతి మొహం చూసింది. హైమవతి నేల చూసింది.

"అయితే నన్నేం చేయమంటారు సార్? ఆ ప్రామాణికం తెగులు యాడ దొరుకుతాది?" అని రెడ్డెమ్మ అడిగింది. ఆమె కోపంగానే అడిగింది. కానీ సర్వోత్తమరావుకు అది కోపంలా వినబడలేదు. ఆయన మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"ఎంత మంచి సూచన!" అన్నారాయన.

మర్నాడే పథకం సిద్ధమైంది. సంస్థ దగ్గరున్న చికిత్స ప్రామాణిక తెగులుకే పనికొస్తుంది. రైతుల దగ్గరున్న తెగులు ఊరికో రకం, చేనుకో రకం. అందువల్ల చికిత్స అందించాలంటే ముందు రైతులందరికీ ఒకే రకం తెగులు అందించాలి. పథకం పేరు 'పొలం పొలానికీ ప్రామాణిక తెగులు'. గేటు మీద బ్యానరు కట్టారు. ఒక నమూనా బ్యాక్టీరియాను ఎంపిక చేసి, పెద్ద ఎత్తున పెంచి, క్యాన్లలో నింపి, వచ్చే నాట్ల సమయానికి రైతులకు ఉచితంగా పంచాలి. తెగులు వచ్చాక చికిత్స మొదలుపెట్టాలి.

ఆ ఉత్తర్వును హైమవతి రెండుసార్లు చదివింది. ఇన్నాళ్ళూ జరిగింది పని ఆగిపోవడం మాత్రమే. ఇప్పుడు జరగబోయేది వేరు. తెగులు లేని చేలకు కూడా సంస్థే క్యాన్లతో తెగులు మోసుకెళ్ళి పోస్తుంది.

"మేడమ్, సెలవు పెట్టేద్దామా?" అన్నాడు కరీముల్లా.

"మనం సెలవు పెడితే క్యాన్లు ఆగవు కదయ్యా" అంది హైమవతి.

నమూనా ఎంపిక సమావేశం జరిగింది. సంస్థలో పళ్ళేల్లో పెంచిన బ్యాక్టీరియాలన్నిటినీ బల్ల మీద వరసగా పెట్టారు. జబ్బు చేసే బ్యాక్టీరియా పళ్ళెంలో జిగటగా, వంకరటింకర మచ్చలుగా పాకి పెరుగుతుంది. పరంధామయ్య వాటిని చూసి ముక్కు చిట్లించారు. ఒక మచ్చ పెద్దది, ఒక మచ్చ చిన్నది, ఒకటి పక్కదానిలోకి చొరబడింది. చివర ఒక పళ్ళెం దగ్గర ఆయన ఆగిపోయారు. అందులో మచ్చలన్నీ చిన్నచిన్నగా, గుండ్రంగా, ఒకే కొలతలో, బొట్టుబిళ్ళలు అతికించినట్టు ఉన్నాయి.

"ఆహా! ఇదమ్మా క్రమశిక్షణ అంటే! ఇది ఎవరిది?"

"నాదేనండీ" అంది హైమవతి. "రెడ్డెమ్మ చేలోంచి పట్టి, జన్యువు కత్తిరించినది. కానీ ముందే మనవి చేస్తున్నానండీ. ఇది తెగులు చేయదు. దీనిలో జబ్బు పుట్టించే శక్తి తీసేశాం. పైగా ఇది ఉన్నచోట అసలు తెగులు రానివ్వదు. జీవభద్రతా సంఘం అనుమతి ఉన్నదీ దీనికొక్కదానికే."

"హైమవతి గారూ," అన్నారు సర్వోత్తమరావు కాస్త నొచ్చుకొని, "తెగులు చేస్తుందా చేయదా అన్నది పనితీరు అంశం. మీకు ఎన్నిసార్లు చెప్పాలి? ఇక్కడ మనం చూస్తున్నది పరిమాణం, ఆకారం, రంగు."

"మళ్ళీ చెబుతున్నాను సార్. ఇది పోస్తే మొక్కలు చావవు."

"ఆ సంగతి పొలంలో తేలుతుంది" అన్నారు పరంధామయ్య. ఆ గుండ్రటి మచ్చల నుంచి ఆయన కళ్ళు తిప్పుకోలేకపోయారు. "మండలి దీన్ని ప్రామాణిక తెగులుగా గుర్తిస్తోంది."

హైమవతి ఇక వాదించలేదు. చెప్పవలసింది రెండుసార్లు చెప్పింది. బయటికి వచ్చాక వరండాలో గోడకు ఆనుకొని నిలబడి చాలా రోజుల తర్వాత నవ్వింది. ఎంతకీ ఆపుకోలేకపోయింది. కరీముల్లా భయపడి నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాడు.

పథకం ప్రారంభం ఘనంగా జరిగింది. సర్వోత్తమరావు రిబ్బను కత్తిరించారు. "ఇంతవరకు రైతు తన తెగులుకు తానే దిక్కు. నేటి నుంచి తెగులు విషయంలో ప్రభుత్వం మీ వెంట ఉంటుంది" అని ప్రసంగించారు. రైతులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. క్యాను తీసుకోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు.

హైమవతి వేదిక దిగి, జనంలో నిలబడి ఉన్న రెడ్డెమ్మ దగ్గరికి వెళ్ళింది. "ఇది నీ మన్నులోదే రెడ్డెమ్మా. గ్రీన్‌హౌస్‌లో నువ్వు చూసిందే."

"మరి దాని మింద తెగులని రాసినారే?"

"పేరు వాళ్ళు పెట్టినారు. పురుగు మనదే. నాటేటప్పుడు వేళ్ళు ఇందులో ముంచి నాటు."

రెడ్డెమ్మ క్యానును ఎగాదిగా చూసింది. హైమవతిని కూడా చూసింది. తర్వాత క్యాను చంకనెత్తుకుంది. ఆమెను చూసి మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు.

ఆ పంటకాలంలో గుట్ట చుట్టూ ఉన్న చేలల్లో టమాటా విరగకాసింది. పోయినేడు పడిపోయిన చేలల్లో కూడా మొక్కలు కాయల బరువుకు వంగాయి గాని వాడిపోలేదు. చికిత్స కోసం ప్రామాణిక భాగాలు నింపుకొని బయలుదేరిన సంస్థ జీపు ఊరూరూ తిరిగింది. ఒక్క రోగిష్టి మొక్క కూడా దొరక్క తిరిగి వచ్చింది. డ్రైవరు జీపు నిండా టమాటాలు తెచ్చాడు.

సంస్థలో విషాదం అలముకుంది. పథకం ఘోరంగా విఫలమైంది. దీని మీద విచారణకు పరంధామయ్య గారి అధ్యక్షతన సంఘం వేశారు. హైమవతిని పిలిచారు.

"మీరు సరఫరా చేసిన ప్రామాణిక తెగులు వల్ల ఏ ఒక్క చేలోనూ తెగులు రాలేదు. పైగా ముందునుంచీ ఉన్న తెగులు కూడా మాయమైంది. దీనికి మీ సంజాయిషీ ఏమిటి?"

"అది తెగులు చేయదని ఆ రోజే చెప్పానండీ."

"మినిట్స్‌లో లేదే."

"మీటింగులో ఉందండీ."

"మినిట్స్‌లో లేనిది మీటింగులో జరిగినట్టు కాదు" అన్నారు సర్వోత్తమరావు. ఆయన గొంతు నిజంగానే బాధతో వణికింది. "మీకు తెలుసా, చికిత్స విభాగం మొత్తం చేతులు ముడుచుకొని కూర్చుంది. రోగం లేదు, చికిత్స లేదు, నివేదిక లేదు. రైతులకు అందవలసిన తెగులును మీరు అందకుండా చేశారు. ఈ ఆరోపణ ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటున్నానండి" అంది హైమవతి.

అంత సూటిగా ఒప్పుకుంటుందని సంఘం అనుకోలేదు. పరంధామయ్య కలం మూత తీసి, మళ్ళీ పెట్టేశారు. చివరికి శిక్ష ఖరారైంది. హైమవతిని పరిశోధన నుంచి తప్పించారు. ప్రమాణం తప్పిన సరుకు సంస్థ ఆవరణలో ఉండరాదు కాబట్టి, ఆ లోపభూయిష్టమైన తెగులునంతా బయట పారబోయించే అధికారిగా ఆమెను నియమించారు. సైన్సు చదివిన మనిషికి ఇంతకంటే అవమానం ఉండదని సర్వోత్తమరావు అభిప్రాయం. సరుకు బయటికి పోతున్నంతకాలం ఆమె ఆ పనిలోనే ఉండాలని ఉత్తర్వులో రాయించారు.

హైమవతి ఆ ఉత్తర్వును చాలా శ్రద్ధగా అమలుచేసింది. గోదాములోని క్యాన్లు అయిపోవచ్చాయి. అయిపోతే ఉత్తర్వు అమలు ఆగిపోతుంది కదా అని కరీముల్లా మళ్ళీ పెంచడం మొదలుపెట్టాడు. పెళ్ళయ్యాక అతడికి కొంచెం ధైర్యం వచ్చింది.

ఒక రోజు సర్వోత్తమరావు కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. రెడ్డెమ్మ ముందు నిలబడి అందరినీ వరసలో పెడుతోంది. ఎవరో వెనకనుంచి ముందుకు తోసుకొస్తే, "ఏమప్పా, నీకొక్కనికేనా తెగులు కావాల్సింది? మాకొద్దా?" అని గదమాయిస్తోంది.

ఆయన హైమవతిని పిలిపించారు.

"ఏమిటా గుంపు?"

"ప్రమాణం తప్పిన తెగులు పారబోయిస్తున్నాను సార్."

"ఎక్కడ పారబోస్తున్నారు?"

"వాళ్ళ చేలల్లో సార్."

సర్వోత్తమరావు నిర్ఘాంతపోయారు. "లోపమున్న సరుకును తమ చేలల్లో పోస్తుంటే వాళ్ళు అభ్యంతరం చెప్పడం లేదూ?"

"చాలడం లేదంటున్నారు సార్. పక్క మండలాల వాళ్ళు కూడా వస్తున్నారు."

ఆయన చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడి తల పంకించారు. రైతులకు ప్రమాణాల మీద కనీస అవగాహన లేదని ఆయనకు ఆ రోజు పూర్తిగా బోధపడింది. వెంటనే ఒక అవగాహన సదస్సుకు ఆదేశించారు. షామియానా వేశారు, కుర్చీలు వేశారు, వేదిక మీద ప్రామాణిక భాగాల సీసాలు ఎత్తు తేడా లేకుండా వరసగా పేర్చారు. పరంధామయ్య గారు ప్రసంగం రాసుకొని వచ్చారు.

సదస్సుకు ఒక్క రైతూ రాలేదు. అందరూ కోతల్లో ఉన్నారు.